ఎదురింటావిడ

ఆ వేసవిలో నేను రోజూ పొద్దున్న ఏడింటికి, ఎప్పుడూ చూడని ఒకావిడకి ఒకటి నుంచి పది దాకా అంకెలు అప్పజెప్పేదాన్ని. ఆవిడ తిరిగి నాకు అప్పజెప్పేది. ఇద్దరికీ అందుకే జీతం.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో విదేశాల బోర్డు మీద నాలుగో కుర్చీ నాది. అప్పట్లో ఇంట్లో కూర్చుని పరాయి దేశానికి ఫోన్ చేయడమన్నది లేదు. కాల్ బుక్ చేసుకోవాలి. మేం అటువైపు ఆపరేటర్‌ని పిలవాలి. ఆమె అక్కడి మనిషిని లైన్లోకి తేవాలి. ఇద్దరం ప్లగ్గులు కలిపి తప్పుకోవాలి. రోజు మొదలయ్యే ముందు లైను ఎలా ఉందో చూసుకోవడానికి రెండు నిమిషాల పరీక్ష ఉండేది. అంకెలు చెప్పడం, వినిపిస్తోందా అని అడగడం, బాగా వినిపిస్తోంది అనిపించుకోవడం. పేర్లు చెప్పుకోకూడదని రూలు. నేను నాలుగు, ఆవిడ పదకొండు. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. ఇద్దరిదీ కాని మూడో భాషలో మాట్లాడుకునేవాళ్ళం. అందులో నాకు వచ్చింది అంతంతమాత్రం. ఆవిడకి వచ్చింది నాకంటే గుప్పెడు మాటలు తక్కువ.

ఆ దేశం భూమికి సరిగ్గా అవతలి వైపు. నాకు పొద్దున్న ఏడైతే ఆవిడకి సాయంత్రం ఏడు. మాకు ఎండలు ముదురుతుంటే వాళ్ళకి చలి మొదలయ్యేది. ఏడాదిగా రోజూ మాట్లాడుకుంటున్నా ఈ సంగతి మా ఇద్దరికీ పట్టలేదు. ఒకరోజు ఆవిడ ఆరు దగ్గర ఆగి దగ్గింది.

"క్షమించండి. చలి" అంది.

"ఇక్కడ ఎండ" అన్నాను, ఊరుకోలేక.

లైన్లో హోరు మధ్య ఆవిడ నవ్వింది. "ఎండ? కొంచెం ఇటు పంపించు" అని, "ఏడు, ఎనిమిది" అంటూ మళ్ళీ అంకెల్లో పడిపోయింది.

మా వెనకాల సూపర్‌వైజర్ తిరుగుతూ ఉండేది. నిమిషం అటూ ఇటూ కానివ్వదని ఆవిడకి మేం పెట్టుకున్న పేరు గడియారం. నా కుర్చీ వెనక ఆగి, "అంకెల్లో ఎండ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది. నేను తల దించుకున్నాను. గడియారం ముందుకి కదిలింది.

పక్క హాల్లో అప్పటికే పెట్టెలు విప్పుతున్నారు. ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి. వేసవి అయిపోయేసరికి మా బోర్డు తీసేస్తారని అందరికీ తెలుసు.

*

మా అమ్మ పోయి అప్పటికి పదకొండు నెలలు. ఒక మధ్యాహ్నం, నేను డ్యూటీలో ఉండగా, గుండె ఆగి పోయింది. ఇంట్లో మిగిలింది మేం ముగ్గురం. నేను, నాన్న, నాయనమ్మ.

నాన్న పుస్తకాలు బైండింగు చేసేవాడు. వీధి గదే ఆయన పనిగది. చిరిగిన పుస్తకాలు విప్పి, మడిచిన కాగితాల ఫారాలు మళ్ళీ కుట్టి, వెన్నుకి జిగురు రాసి, అట్ట కట్టి, చెక్కల మధ్య బిగించి ఆరబెడితే పుస్తకం మళ్ళీ పదేళ్ళు బతికేది. అమ్మ పోయాక ఆయన సూది పట్టలేదు. బిగింపు చెక్కల మీద దుప్పటి కప్పేశాడు. అప్పటికే వచ్చిన పుస్తకాలు గోడవారన దొంతరగా పడి ఉన్నాయి. మాట కూడా అలాగే కట్టేశాడు. ఊఁ, వద్దు, చాలు. పదకొండు నెలల్లో ఆ మూడు మాటలకి మించి నేను విన్నది తక్కువ. గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిందీ లేదు.

నాయనమ్మకి చెవుడు. ఆవిడకి ఏదైనా చెప్పాలంటే అరవాలి. అందుకని మా ఇంట్లో రహస్యమనేది నిలిచేది కాదు. నేను వంటింట్లో నాయనమ్మకి చెప్పింది వీధి గదిలో నాన్నకీ వినిపించేది, గోడ అవతలివాళ్ళకీ వినిపించేది.

ఆ రోజు అన్నం తింటూ ఎండ పంపమన్న సంగతి అరిచి చెప్పాను.

"ఎక్కడుంటుందే ఆవిడ?" అంది నాయనమ్మ.

"భూమికి అటుపక్క. మనకి సరిగ్గా ఎదురుగా."

"అలా చెప్పు. ఎదురింటావిడన్నమాట."

అప్పట్నుంచీ ఆవిడ మా ఇంట్లో ఎదురింటావిడే అయిపోయింది. నేను డ్యూటీ దిగి ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకముందే, "ఎదురింటావిడ ఏమందే ఇవాళ?" అని అడిగేది నాయనమ్మ. కొత్తవాళ్ళు వింటే వీధిలో ఎవరి గురించో అనుకునేవాళ్ళు.

అంకెలకి పట్టే టైములో నాలుగు మాటలు దొంగిలించడం మేం నేర్చుకున్నాం. గబగబా లెక్కపెడితే పది పదిహేను సెకన్లు మిగిలేవి. రోజుకో సంగతి. ఆవిడకి పెళ్ళి కాలేదు. ముసలి తల్లి ఉంది. ఇద్దరూ కొండ ఎక్కి వెళ్ళాల్సిన వీధిలో పైంట్లో ఉంటారు. తల్లి పొయ్యి పక్కనుంచి లేవదు, కిటికీ తెరవనివ్వదు. వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది.

ఈ సముద్రం సంగతి నాయనమ్మకి అరిచి చెబుతుంటే వీధి గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

"ఏ వైపట?"

నేను గిన్నె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వెళ్ళాను. "ఏమన్నావు నాన్నా?"

"సముద్రం. ఏ వైపు కనిపిస్తుందట వాళ్ళకి?"

"తెలీదు. రేపు అడుగుతాను."

నాయనమ్మకి వినపడలేదు. "ఏమైందే, అలా నిలబడిపోయావు?" అంది. నేను చెయ్యి ఊపాను.

మర్నాడు అంకెలు అయ్యాక, సముద్రం ఎటు అని అడిగితే, "సూర్యుడు మునిగే వైపు" అంది ఆవిడ. ఇంటికి వచ్చేసరికి నాన్న పుస్తకాల దొంతర ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అడుగున ఒక బడివాళ్ళ పెద్ద అట్లాసు ఉంది. వెన్ను ఊడిపోయి, పటాలు విడివిడిగా వచ్చేసి, రిపేరుకి వచ్చిన పుస్తకం. దాన్ని బయటికి లాగి ఆ దేశం ఉన్న పేజీ తీసి నేల మీద పరిచాడు.

"పడమరట నాన్నా" అన్నాను.

పడమటి ఒడ్డు వెంబడి వేలు జరుపుతూ వెళ్ళి ఆ ఊరి పేరు మీద ఆపాడు. "ఇదిగో. కొండలున్నాయి. ఇక్కడి నుంచి చూస్తే సముద్రం కనబడి తీరుతుంది" అన్నాడు. పదకొండు నెలల తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అది.

*

తర్వాతి ఆరు వారాల గురించి తల్చుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఎదురింటావిడ తల్లికి మోకాళ్ళ నొప్పులని తెలిసిన దగ్గర్నుంచీ నాయనమ్మ నిలవలేకపోయింది. "ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టుకోమను" అని కబురు పంపింది. మూడో భాషలో వేయించడానికి మాట నాకు తెలీదు. ఉప్పు, వేడి, గుడ్డ, మోకాలు అని విడివిడిగా చెప్పాను. అటువైపు పెద్దగా ఆలోచించిన చప్పుడు. రెండ్రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఉప్పు బాగుంది, నొప్పి కొంచెం తగ్గింది, మీ ముసలావిడని ఉన్ని మేజోళ్ళు వేసుకోమని అమ్మ చెప్పమంది.

ఎండకి గోడలు కాలిపోతున్నాయి. నాన్నవి పాత ఉన్ని మేజోళ్ళు వెతికి తీయించి, నాయనమ్మ మోకాళ్ళ దాకా లాక్కుని కూర్చుంది.

"చెమట పట్టడం లేదూ?" అని అరిచాను.

"పడితే పడనీ. ఆవిడ నా మాట వింది. నేను ఆవిడ మాట వినొద్దూ?"

నాన్న నవ్వాడు. చప్పుడు లేకుండా, గోడకేసి తిరిగి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆయన ప్రశ్నలు రోజురోజుకీ పెరిగాయి. అక్కడ వాన ఏ నెలలో పడుతుంది. రైలుందా. ఇళ్ళ కప్పులు దేంతో వేస్తారు. పుస్తకాలు ఎటునుంచి చదువుతారు. పది సెకన్లలో ఎన్ని అడగ్గలను? రాత్రిపూట చిన్న కాగితం మీద రాసిచ్చేవాడు, ముఖ్యమైనవి పైన, కానివి కింద. కప్పులు రేకులవని తెలిశాక, వాన పడితే ఎంత చప్పుడో అని ఓ పూటంతా ఆలోచించాడు.

ఈ మధ్యలో బడి లైబ్రరీ ఆవిడ అట్లాసు కోసం వచ్చింది. బడి తెరిచేలోగా కావాలంది. ఇన్నాళ్ళకి సూది పట్టి, పటాలన్నీ ఆయన అప్పటికే కుట్టేసి ఉన్నాడు, వెన్నుకి జిగురు కూడా పెట్టేశాడు. అయినా తలుపు దగ్గర నిలబడి, "ఇంకా ఆరలేదండీ" అన్నాడు. ఈ ఎండలో ఆరకపోవడమేమిటని ఆవిడ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను.

ఎక్స్ఛేంజిలో గడియారానికి అన్నీ తెలుసు. ఒకరోజు టీ తాగుతుంటే నా పక్కన కూర్చుని, "ఆవిడ తల్లికి ఎలా ఉంది మోకాళ్ళు?" అంది. నేను తత్తరపడ్డాను. "నా హెడ్‌సెట్‌లో అన్ని లైన్లూ వినిపిస్తాయమ్మాయ్. అంకెలు మరీ అంత గబగబా చెప్పకు. లైను బాగాలేకపోయినా తెలిసి చావదు" అని లేచి వెళ్ళిపోయింది.

*

ఒక సోమవారం పొద్దున్న ఏడింటికి ప్లగ్గు పెడితే లైన్లో ఏమీ లేదు. హోరు కూడా లేదు. రెండోసారి, మూడోసారి. గడియారం వచ్చి తన చేత్తో పెట్టి చూసింది.

పదింటికి వార్త వచ్చింది. అక్కడ పెద్ద భూకంపం.

ఆ పూటే కింద కౌంటర్ దగ్గర జనం చేరారు. ఆ దేశంలో మావాళ్ళు ఇంతమంది ఉన్నారని అప్పుడే తెలిసింది. కొడుకులు, అక్కలు, ఓడల్లో పనిచేసే మొగుళ్ళు. అందరి పేర్లూ రాసుకున్నాం. కాల్స్ బుక్ చేసిన కాగితాలు నా బల్ల మీద జానెడు ఎత్తు పేరుకున్నాయి. లైను మాత్రం లేదు.

ఇంటికి వెళ్ళి నాయనమ్మకి ఎలా అరిచి చెప్పాలో తెలియలేదు. కొన్ని మాటలు అరవడానికి పనికిరావు. నాన్నకి మామూలు గొంతుతో చెప్పాను. ఆయనే వెళ్ళి తల్లి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. నాయనమ్మ కాళ్ళకి ఉన్న మేజోళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయింది. ఆ సాయంత్రం అవి విప్పలేదు, తర్వాత కూడా విప్పలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కౌంటర్ గుమాస్తా పైకొచ్చాడు.

"కింద మీ నాన్నగారు లైన్లో నించున్నారు" అన్నాడు.

నేను మెట్లు దిగి వెళ్ళాను. నిజమే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వరసలో పధ్నాలుగో మనిషిగా నాన్న. ఏడాదిగా గుమ్మం దాటని మనిషి ఎండలో రెండు మైళ్ళు నడిచి వచ్చాడు. ముందున్నవాళ్ళని తోసుకుని వచ్చి నన్ను అడగొచ్చు. అడగలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. గుమాస్తా పుస్తకం తెరిచి, రూలు ప్రకారం, అక్కడ మీకేమవుతారని అడిగాడు.

"తెలిసినవాళ్ళు. తల్లీ కూతురూ" అన్నాడు నాన్న.

గుమాస్తా రాసుకున్నాడు.

*

తొమ్మిదో రోజున లైను వచ్చింది. హోరు వినగానే బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కున్నాను. అటునుంచి మగ గొంతు. గరగరలాడుతోంది. పేరుకున్న కాల్స్ అన్నీ వరసగా కలపాలి. ఒకదాని మీద ఒకటి కలుపుతూనే ఉన్నాను. కొందరికి జవాబు దొరికింది, కొందరికి దొరకలేదు. మూడు గంటలు తల ఎత్తలేదు. పదకొండో నంబరు ఏమైందన్న మాట నోటిదాకా వస్తోంది. అవతల ఎవరి తమ్ముడో ఏమయ్యాడో తెలియక మనిషి నిలబడి ఉంటే, నా సొంత మాట ఎలా అడగను?

అప్పుడు నా బల్ల పక్కనున్న ఖాళీ జాక్‌లోకి గడియారం తన ప్లగ్గు పెట్టింది.

"సూపర్‌వైజర్ మాట్లాడుతున్నాను. మీ దగ్గర పదకొండో నంబరు ఆపరేటర్ లైన్లోకి రావడం లేదేం? డ్యూటీ పుస్తకంలో రాసుకోవాలి" అంది మూడో భాషలో, చాలా కటువుగా.

అతను చెప్పింది నాకూ వినిపించింది. "బతికే ఉంది. ఇల్లు లేదు. నాలుగు రోజుల్లో వస్తుంది."

గడియారం ప్లగ్గు తీసేసింది. ఏ పుస్తకంలోనూ ఏమీ రాయలేదు. "తర్వాతి కాల్ చూడు" అంది నాతో.

నాలుగు రోజులు కాదు, ఆరు రోజులు పట్టింది. ఏడింటికి ప్లగ్గు పెడితే ఆవిడ గొంతు. ఒకటి, రెండు, మూడు. నేను ఆపలేదు. ఆవిడ పది దాకా చెప్పింది. నేను పది దాకా చెప్పాను. ఆ తర్వాత ఆవిడకి ఉన్న కొన్ని మాటల్లో చెప్పింది. "అమ్మ, లోపల. నేను, ఇక్కడ, డ్యూటీ."

"వినిపిస్తోంది" అన్నాను.

"నాకూ వినిపిస్తోంది" అంది ఆవిడ.

*

మా బోర్డు తీసేయడానికి ఇక పది రోజులు. ఎదురింటావిడ తల్లి సంగతి తెలిశాక నాన్న మళ్ళీ మాట తగ్గించాడు. కాగితం మీద ప్రశ్నలు రాయడం మానేశాడు. కానీ ఇది పాత మౌనంలా లేదు. గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. ఏదో చెప్పబోయి ఆగేవాడు. ఆఖరి రోజు ముందు సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు.

"రేపు నేనొకసారి ఆవిడతో మాట్లాడొచ్చా?"

"బయటివాళ్ళని బోర్డు దగ్గరికి రానివ్వరు నాన్నా. అయినా ఆవిడకి మన మాట రాదు కదా."

"తెలుసు."

"నేను పక్కనుండి చెబుతాలే, ఏం చెప్పాలో చెప్పు."

"వద్దమ్మా. నువ్వు చెప్పక్కర్లేదు. నేనే మాట్లాడతాను."

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి ఇద్దరం కలిసి నడిచి వెళ్ళాం. హాల్లో సగం కుర్చీలు అప్పటికే ఎత్తేశారు. గడియారం గుమ్మంలో ఎదురైంది. నేను చెప్పబోతుంటే చెయ్యి అడ్డంపెట్టి, నాన్న వంక ఎగాదిగా చూసింది.

"బైండింగు చేసేది మీరేనా?"

"అవునండీ."

"మా పాత రిజిస్టర్లు చిరిగిపోయి ఉన్నాయి. చూడ్డానికి వచ్చారని రాసుకుంటాను. రండి."

ఏడింటికి అంకెలు అయ్యాయి. ఇవాళే ఆఖరని ఆవిడకీ తెలుసు. మా నాన్న మాట్లాడతారట అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఉప్పు పంపినావిడ కొడుకా?" అంది. నా కుర్చీలో నాన్నని కూర్చోబెట్టి హెడ్‌సెట్ తలకి తగిలించాను. పక్క జాక్‌లో నేను రెండో హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలీదు. అలవాటు.

నాన్న మన మాటలోనే మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను నాలుగో నంబరు పిల్ల తండ్రిని. మీ అమ్మగారి సంగతి తెలిసింది."

అటునుంచి ఆవిడ తన భాషలో ఏదో చిన్న మాట అంది.

"నువ్వు డ్యూటీలో ఉన్నావని చెప్పింది మా అమ్మాయి. నువ్వు అక్కడ లేవు. నేను ఇంట్లోనే ఉన్నాను" అన్నాడు నాన్న. బోర్డు మీద వరసగా ఉన్న రంధ్రాల వంక చూస్తున్నాడు. "మా ఆవిడ లోపల్నుంచి పిలిచింది. నా చేతిలో పుస్తకం ఉంది. వెన్నుకి వేడి జిగురు రాసి ఉంది. అది చల్లారిపోతే మొత్తం గీకి మళ్ళీ మొదలెట్టాలి. వస్తున్నా, ఒక్క నిమిషం అన్నాను. గుడ్డ అంటించి, చెక్కల్లో బిగించి, చేతులు తుడుచుకుని వెళ్ళాను. అయిపోయింది అప్పటికి. ఒక్క నిమిషమేనమ్మా. మహా అయితే రెండు."

నాకు ఈ సంగతి తెలీదు. ఇంట్లో ఎవరికీ తెలీదు.

తర్వాత ఆవిడ మాట్లాడింది. ఏడాదికి పైగా వింటున్న గొంతే. కానీ తన భాషలో ఆవిడ అంతసేపు మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. అంకెల్లా తడుముకోకుండా, ధారగా మాట్లాడింది. ఒకచోట ఆగింది, మళ్ళీ అందుకుంది. ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు. నాన్న మాత్రం తల ఊపుతూ విన్నాడు. ఊఁ అంటూ విన్నాడు, పక్కింటి మనిషి చెబుతుంటే విన్నట్టు. తర్వాత ఆయన ఇంకేదో చెప్పాడు, అమ్మ గురించి, చిన్నచిన్న సంగతులు. ఆవిడ ఇంకేదో చెప్పింది.

పరీక్షకి ఉన్నది రెండు నిమిషాలు. గోడ మీద ముల్లు ఏడూ పది దాటింది. గడియారం ఆ గోడకి వీపు పెట్టి, చేతులు కట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"ఉంటానమ్మా. జాగ్రత్త" అన్నాడు నాన్న చివరికి. హెడ్‌సెట్ తీసి, తీగ మెలిపడకుండా చుట్టి, బల్ల మీద పెట్టాడు. "ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయండీ" అని గడియారాన్ని అడిగాడు.

*

ఆ సాయంత్రం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. నాన్న కంచంలో చెయ్యి పెట్టకుండా, నాయనమ్మ వైపు తిరిగి, ఆ మాట మళ్ళీ మొదలుపెట్టాడు. ఎదురింటావిడకి చెప్పిన గొంతుతోనే, మెల్లిగా.

"ఏంట్రా గొణుగుతున్నావు? గట్టిగా చెప్పు" అంది నాయనమ్మ.

రెండోసారి చెప్పాడు.

"జిగురేంటి? ఎవరు పిలిచారు?"

నాన్న కళ్ళు మూసుకుని, మూడోసారి అరిచి చెప్పాడు. ప్రతి మాటా విడివిడిగా. నన్ను పిలిచింది. వస్తున్నా అన్నాను. వెంటనే వెళ్ళలేదు. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నాయనమ్మ కంచం పక్కకి జరిపింది.

"నేను పక్కనే ఉన్నాన్రా" అంది. "మంచం మీద. మధ్యన తలుపు కూడా లేదు. ఎన్నిసార్లు పిలిచింది?"

"ఒక్కసారే."

"ఒక్కసారి పిలిస్తే నాకేం వినబడుతుంది" అంది. తనలో తాను అనుకున్నట్టు అన్నా, మాకు గట్టిగానే వినిపించింది. ఈ మాట ఆవిడ కూడా ఏడాదిగా దాచుకుందని అప్పుడర్థమైంది. కాసేపటికి చెయ్యి చాపి నాన్న మోచెయ్యి పట్టుకుంది. "నీకైనా వినబడింది. వస్తున్నా అన్నావు. ఆ మాట విని ఉంటుంది. వస్తున్నాడులే అనుకుని ఉంటుంది. తిను."

నాన్న తిన్నాడు. నేనూ తిన్నాను. చల్లారిపోయిన అన్నం అంతకుముందెప్పుడూ అంత రుచిగా అనిపించలేదు.

మర్నాటికల్లా మా హాలు ఖాళీ అయిపోయింది. నన్ను ఫిర్యాదుల విభాగంలో వేశారు. పక్క హాల్లో యంత్రాలు టకటకమంటూ ఎవరి ప్రమేయం లేకుండా దేశాలని దేశాలకి కలిపేసేవి. ఎక్స్ఛేంజి రిజిస్టర్లతో మొదలుపెట్టి నాన్న మళ్ళీ పనిలో పడ్డాడు. నాయనమ్మ ఇంకో నాలుగేళ్ళు బతికింది. ఎదురింటావిడ గొంతు మళ్ళీ మేం వినలేదు. పేరు తెలీదు, అడ్రసు తెలీదు. అడగాలని ఆ ఆఖరి రోజున ఎవరికీ తోచలేదు.

తర్వాత కొన్నేళ్ళకి మా ఇంటికి టీవీ వచ్చింది. ఎప్పుడో ఒకసారి వార్తల్లో ఆ దేశం వచ్చేది. ఎన్నికలో, వరదలో, బంతాటో. నాన్న చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడేవాడు. చెప్పే విషయం ఆయనకి పట్టేది కాదు. వెనకాల వీధిలో నడిచివెళ్ళే ఆడవాళ్ళని చూసేవాడు. మొదట్లో ముప్ఫై అయిదేళ్ళ వాళ్ళని చూసి, "ఆవిడేనేమో" అనేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన వెతికే మనిషికి వయసు పెరుగుతూ వచ్చింది. "ఇప్పటికి జుట్టు నెరిసి ఉంటుంది" అని, నెరిసిన జుట్టు వాళ్ళని వెతికేవాడు. నేను ఆటపట్టించేదాన్ని. ఏమీ అనేవాడు కాదు.

ఆయన ఆఖరి ఏడాదిలో ఒక సాయంత్రం, ఆ దేశంలో ఏదో సంత చూపించారు. ఒక ముసలావిడ చేతిలో సంచితో కెమెరాకి అడ్డం వచ్చి, ఇటు తిరిగి, నవ్వింది. మంచం మీద పడుకుని ఉన్న నాన్న దిండు మీంచి తల ఎత్తి, చెయ్యి కొంచెం పైకి లేపి, తల ఊపాడు.